సవారమ్మకు పెట్టిన నీళ్లు

మా అత్తమ్మ పోయింది. ఉగాది వెళ్లిన వారానికి, ఎండలు పూర్తిగా ముదరకముందే పోయింది. కబురు వచ్చేసరికి నేను వనపర్తిలో, బడిలో ఉన్నాను. వారమంతా అక్కడ గది తీసుకుని ఉండటం, శనివారం సాయంత్రం బస్సెక్కి గద్వాలకు రావడం, చాలా ఏళ్లుగా నా బతుకు అదే. ఫోన్ చేసింది మా పక్కింటి ముస్లిం ఆమె, మేమంతా ఖాలా అంటాం. మా రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ.

"బేటీ, జర జల్ది రా. మీ అత్తమ్మ పోయింది," అని ఏడ్చింది. ఏడుపు కాస్త నిమ్మళించాక ఇంకో మాట చెప్పింది. "ఆఖరికి నీళ్లు, నీళ్లు అన్నది. నేను చెంచతోని నోట్ల పొయ్యబోతె వద్దని తలకాయ ఊపింది. ఎనుక కిటికి దిక్కు వేలు సూపెట్టింది. కిటికిల ఏముండె బేటీ?"

కిటికీలో ఏముండేదో నాకు తెలుసు. అయినా "ఏం లేదు ఖాలా, వస్తున్న" అని ఫోన్ పెట్టేశాను. బస్సు బీచుపల్లి వంతెన ఎక్కినప్పుడు కింద కృష్ణ బండల నడుమ సన్నగా పారుతోంది. ఆ కాసిని నీళ్లను చూసేసరికి నాకు దుఃఖం ఆగలేదు. పక్కసీటు ఆమె ఎవరో తెలియదు, నా చేయి పట్టుకుని గద్వాల దాకా వదల్లేదు.

మా అత్తమ్మ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. రాయకపోతే నా మనసు ఊరుకునేట్టు లేదు. ముందే చెబుతున్నాను, ఆమె దేవత కాదు. మా వీధిలో సగం మంది ఆమెను గయ్యాళి అనేవాళ్లు, మిగతా సగం భయపడి అనేవాళ్లు కాదు. నేను వండిన పప్పులో ఉప్పు తక్కువైతే ఆ సంగతి ఖాలా వాళ్లింటిదాకా వినపడేది. "పంతులమ్మవు గద, ఉప్పు గూడ పుస్తకంల సూసి ఏసినవా?" అని పదిమందిలో అడిగేది. నేనేమీ తక్కువ తినలేదు. ఆమె పెట్టిన చాయ్ పారబోసి మళ్లీ పెట్టుకున్న రోజులున్నాయి. మా ఆయన మా ఇద్దరి మధ్య పడి నలగలేక, ఇంట్లో మాట పెరిగిందంటే చెప్పులేసుకుని బజారుకు పోయేవాడు.

ఆమెనూ నన్నూ కలిపింది చదువు. పెద్ద చదువు కాదు ఆమెది. కళ్లద్దాల కాడ ఒకటి విరిగితే దానికి నల్లదారం కట్టి చెవికి చుట్టుకునేది. మధ్యాహ్నం కరెంటు పోగానే దర్వాజ దగ్గర చాప వేసుకుని, వారపత్రిక తెరిచి, వేలు వరుస మీద పెట్టి పైకి చదివేది. ఖాలా వచ్చేది. ఎదురింటి వాళ్లు పల్లికాయ చేటలతో వచ్చి ఒలుచుకుంటూ వినేవాళ్లు. ఆమె గొంతు ఎప్పుడూ ఒకే తీరు. ఏడ్చేచోట ఏడ్చేది కాదు, నవ్వేచోట నవ్వేది కాదు. కానీ కథలో చెడ్డమనిషి వచ్చినప్పుడు మాత్రం కొంచెం నిదానించేది, గడప దాటి వచ్చేవాళ్లకు దారి ఇచ్చినట్టు.

అప్పుడే వినేవాళ్లలో ఒకరు "వీని చేతులిరుగ, వీనికేం పుట్టిందే" అనేవాళ్లు. ఆమె వెంటనే చదవడం ఆపి, వేలు లోపల పెట్టి పుస్తకం మూసేది.

"తిట్టుడు అయినంక జెప్పు. మల్ల సదువుత."

"గదేంది పెద్దమ్మా, వాడు గంత పాపిష్టి పని జేస్తె తిట్టొద్దా?"

"తిట్టు. ఎవరొద్దన్నరు? గని మెల్లగ తిట్టు. ఇన్నడంటె ఈడనే కూసుంటడు."

అందరూ నవ్వేవాళ్లు. ఆమె నవ్వేది కాదు. పేరు పెట్టి పిలిచాక మనిషి రాకుండా ఎట్లా ఉంటాడని ఆమె అడిగేది. మంచివాళ్లను కథలో అందరూ పిలుస్తారు, ఇంటికొకరు భోజనానికి రమ్మంటారు. చెడ్డవాళ్లకు కథ అయిపోయాక పోవడానికి ఇల్లుండదు, అందుకే వాళ్లు చదివినచోటే ఆగిపోతారు. ఇది ఆమె లెక్క. ఇంట్లోకి కోడలుగా వచ్చిన కొత్తలో నాకు ఈ మాటలు సరదాగా ఉండేవి. చీకటి పడ్డాక వెనుక గదిలోకి పోవాల్సి వస్తే మాత్రం అంత సరదాగా ఉండేవి కావు.

ఆ రోజుల్లోనే నేను కథలు రాయడం మొదలుపెట్టాను. మూడో నాలుగో అచ్చయ్యాయి. వాటిలో ఒకదానికి మాత్రం పేరొచ్చింది. పేరొచ్చింది కథకు కాదు, అందులోని సవారమ్మకు. ధరూరు దిక్కు, కృష్ణకు ఆమడ దూరంలో నేను కల్పించుకున్న ఊరు. వానల్లేని ఏడాది. ఊళ్లో నీళ్లున్న బావి ఒక్కటే, అది సవారమ్మ దొడ్లో ఉంటుంది. సవారమ్మ చేంతాడు విప్పి చుట్టచుట్టి పరుపు కింద పెట్టుకుని, దాని మీద పడుకుంటుంది. నిండు నెలల పిల్ల వచ్చి గడపలో కూర్చుని బతిమాలినా ఇవ్వదు. పోయేటప్పుడు కూడా ఆ తాడు మీదే పోతుంది. ఊరివాళ్లు వచ్చి ముందు తాడు లాక్కుని, ఆ తర్వాత శవాన్ని లేపుతారు. అంతే కథ.

నన్నడిగితే కథ బాగా వచ్చింది. పాఠకులకు సవారమ్మ మీద ఎంత కోపం రావాలో అంతా వచ్చింది. పత్రికకు ఉత్తరాలు వచ్చాయి. బడిలో మా లెక్కల సారు "మేడం, ఆ ముసల్దాన్ని జర ముందే సంపాల్సింది" అన్నాడు. ఇంతకంటే రాసేవాళ్లకు ఏం కావాలి?

ఆ వారపత్రిక మా అత్తమ్మే దర్వాజలో కూర్చుని చదివి వినిపించింది. వైశాఖ మాసం, మిట్టమధ్యాహ్నం. వీధిలో కుక్క కూడా లేదు. ఆ రోజు వింటున్నవాళ్లలో ఒక్కరూ తిట్టలేదు, తిట్టడం కూడా మరిచిపోయి విన్నారు. శవాన్ని లేపిన చివరి మాట చదివి ఆమె కళ్లద్దాలు తీసింది. అప్పుడు వెనుక దొడ్లో నుంచి గిలక తిరిగిన చప్పుడు వినబడింది. కిర్రుమని ఒకసారి, ఆగి మరోసారి. నూనె లేని గిలక మీద బరువు దిగుతున్నప్పటి చప్పుడు.

మా దొడ్లో బావి ఉంది. కానీ అది ఎండిపోయి చాలా ఏళ్లయింది. నేను కాపురానికి రాకముందే దాని మీద షాబాదు బండ పరిచారు. గిలక వేసే రెండు రాతి స్తంభాలు మిగిలాయి, గిలక మాత్రం అటక మీద పాత సామాన్లలో ఉంది. ఖాలా నా మొహం చూసింది. "హవా," అంటూ లేచి వాళ్లింటికి పోయింది. గాలి లేదు. పల్లికాయ పొట్టు పోసిన చోటు నుంచి కదలడం లేదు.

మా అత్తమ్మ తల కూడా తిప్పలేదు. "అచ్చినట్టుంది," అంది. "ఓ ముంతెడు నీళ్లు ఎనుక కిటికిల వెట్టు పిల్లా."

"ఎవరికి?"

"ఎవరికంటవేంది? ఎండల అచ్చింది. దప్పికైతది గద."

నేను పెట్టలేదు. ఆమే లేచి రాగిముంత నింపి, బావి దిక్కున్న కిటికీలో పెట్టింది. ఆనాటి నుంచి అది ఆమె నియమం. దీపాలు పెట్టే వేళకు ముంత నింపి పెట్టేది, పొద్దున మిగిలిన నీళ్లు కరివేపాకు చెట్టుకు పోసేది. పోసేముందు ఎంత మిగిలిందో ఒకసారి వంగి చూసేది, ఏమీ అనేది కాదు. ఒక్కోసారి సగానికి తగ్గి ఉండేది.

"ఎండకు ఇగిరిపోయింటయి అత్తమ్మా," అన్నాను ఒకసారి.

"పుష్యమాసంల, రాత్రిపూట, ఏం ఎండ కొట్టిందే?" అంది.

పిచ్చుకలో ఉడుతలో తాగి ఉంటాయని నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పటికీ అదే చెప్పుకుంటాను. పగటిపూట ఆ మాట సరిపోతుంది.

ఆ ఏడు పెత్రమాస వచ్చింది. బతుకమ్మ మొదలయ్యే ఆ అమావాస్య నాడు పెద్దలకు బియ్యమివ్వడం మా దిక్కు ఆనవాయితీ. పురోహితం చేసే ఐగారు వస్తాడు. ఇంట్లో పోయినవాళ్ల పేరు ఒక్కొక్కటే చెప్పి, నీళ్లు వదిలి, చేటలో బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తాం. మా ఆయన పీట మీద కూర్చున్నాడు. పేర్లు ఆయనకు గుర్తుండవు, వెనుక నిలబడి అత్తమ్మ అందిస్తుంది, ఆయన అంటాడు. మామయ్య పేరు, మామయ్య తల్లిదండ్రులు, వాళ్ల పెద్దలు అయ్యారు. ఐగారు చేట అందుకోబోతుంటే "ఆగుండ్రి," అంది అత్తమ్మ. "ఇంకొకరున్నరు. సవారమ్మ."

మా ఆయన నా కథలు చదవడు. ఎవరో పాతకాలపు ముసలమ్మ అనుకుని భక్తిగా "సవారమ్మ" అని నీళ్లు వదిలాడు.

"ఈమె ఎవరమ్మా? నిరుడు చెప్పలేదే," అన్నాడు ఐగారు.

"మర్సిపోయినం. పాపం, ఎనుకటనే పోయింది."

"మీకేమైతది?"

"నాకేం గాదు. మా కోడలి మనిషి."

ఐగారు నా వైపు తిరిగి తల ఊపాడు, పోయినవాళ్ల తరఫు మనిషిని చూసి ఊపినట్టు. నేను కూడా ఊపాను. ఆయన అటు పోగానే వంటింట్లో నా నోరు లేచింది.

"అత్తమ్మా, అది నేను పుట్టించిన మనిషి. కాయితం మీద ఉంటది. దానికి బియ్యమిచ్చుడేంది? నలుగురింటె నవ్వరా?"

"నువ్వు పుట్టించినవ్ గద. మల్ల నీ మనిషి గాకుంట ఎవరి మనిషి?"

"అది ఉత్త కత!"

"ఉత్తదైతె గంతమంది ఎందుకు తిడ్తున్రు? లేనోళ్లను ఎవరన్న తిడ్తరా?" గారె నూనెలో వేసి, అది తేలేదాకా చూసి, మళ్లీ అంది. "ఓ కొడుకునియ్యకపోతివి, బిడ్డనియ్యకపోతివి. ఓ పిల్లినన్న ఇయ్యాల్సింది దానికి. సచ్చినంక పేరెత్తేటోళ్లు లేకుంట జేసినవ్. నేనన్న ఎత్తొద్దా?"

నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ఆ రెండూ దిగిపోయాక కొంచెం భయం కూడా వేసింది.

మరుసటేడు పెత్రమాసకు ఆమె ఆ పేరు అందించాల్సిన పని లేకపోయింది. ఐగారే గుర్తుపెట్టుకుని "సవారమ్మ" అని తానే అన్నాడు. ఆ ఏడు నాగర్‌కర్నూల్ నుంచి మా వదినె, అంటే మా ఆయన అక్క, పండుగకు వచ్చింది. భోజనాల దగ్గర విస్తరి ముందు కూర్చుని ఆమె మామూలుగా అడిగింది.

"అమ్మా, సవారమ్మ అంటె మన నాయనమ్మ తోడికోడలే గద? నాకు జర జర యాదికున్నది. చిన్నప్పుడు సూసిన. ఎడమ చెవి తమ్మె తెగి ఉంటుండె ఆమెకు."

నా చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది.

సవారమ్మకు ఎడమ చెవి తమ్మె తెగి ఉంటుంది. ఆ సంగతి నాకు తెలుసు. నాకు తప్ప ఎవరికీ తెలియదు, ఎందుకంటే నేను ఎక్కడా రాయలేదు. కథ మనసులో కడుతున్నప్పుడు, ఎప్పుడో వయసులో ఉండగా మొగుడు చెవి కమ్మ పట్టుకుని గుంజాడని, తమ్మె రెండుగా తెగిందని అనుకున్నాను. అనుకుని వదిలేశాను. రాస్తే చదివేవాళ్లు అయ్యో అంటారు. అయ్యో అన్నాక ఆ చేంతాడు బరువు తగ్గుతుంది. నాకు ఆ ముసలమ్మ మీద ఎవరికీ జాలి కలగకూడదు. అందుకని ఆ చెవిని కాగితం మీద పెట్టలేదు, ఎవరితోనూ అనలేదు.

వదినె గారెలు తింటూ వేరే మాటల్లో పడింది. ఆమె ఊరికి పోయాక అత్తమ్మను నిలదీశాను.

"చెవి సంగతి వదినెకు నువ్వు జెప్పినవా?"

"ఏ చెవి?" అంది. ఆమెకు అబద్ధం ఆడటం రాదు, ఆడాల్సిన అవసరం ఎప్పుడూ పడలేదు, ఉన్నది మొహం మీద అనే మనిషి. నా మొహంలోకి చూసి మెల్లగా అడిగింది. "ఎవరు దెంపిన్రు?"

"మొగడు. కమ్మ గుంజిండు."

తిరగలి పక్కన కూర్చుని చేతివేళ్లతో పిండి ఒకచోటికి చేర్చింది. నన్ను తిడుతుందనుకున్నాను, చెవి సంగతి రాయనందుకు. తిట్టలేదు.

"రాయకుంట మంచిపని జేసినవ్," అంది. "చెవి తెగినోళ్లందరు తాడు దాస్తరా? దాసిన తప్పు దానిదే. పాపం అనిపిస్తె ఎవరన్న ఓ ముద్ద వెడ్తరు. పాపం అనిపియ్యకున్న గూడ వెట్టేటోళ్లు ఒకరుండాలె."

"నీకు దానిమీద గంత పావురమేంది అత్తమ్మా?" పావురమంటే మా దిక్కు ప్రేమ.

"పావురమా?" అని మొహం చిట్లించింది. "దాన్ని తలుసుకుంటె నాగ్గూడ ఒళ్లు మండుతది. కడుపుతోనున్న పిల్లకు నీళ్లియ్యలే ముండ! పావురం ఏరు, వెట్టుడు ఏరు. నచ్చినోళ్లకే వెట్టుకుంటె అది వెట్టుడెట్లయితది?"

నేను చదివిన చదువులో, విన్న ఉపన్యాసాల్లో, రాతగాళ్లంతా కూర్చుని చేసిన చర్చల్లో ఇంత ముక్కుసూటి మాట నాకు దొరకలేదు. పాఠకుడికి నచ్చని పాత్రను ఎట్లా రాయాలని మేం గంటలు గంటలు మాట్లాడుకున్నాం. దానిలో మంచిని ఒక రవ్వంత పెట్టాలని ఒకరు, గతం చెప్పాలని ఇంకొకరు. నచ్చకపోయినా నీళ్లు పెట్టవచ్చని ఎవరికీ తోచలేదు. ఆ తర్వాత నేను రాసిన చెడ్డవాళ్లు ముందుకంటే చెడ్డవాళ్లు. వాళ్లను మెత్తబరచాల్సిన పని నాకు లేకపోయింది, మా ఇంట్లో వాళ్లకు పెట్టే మనిషి ఉందన్న ధైర్యం. రాసిన కథ ఆమెకు ఇచ్చేటప్పుడు "ఇందుల గసొంటోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని అడిగేది. ఉన్నారంటే ముంత కాస్త పైదాకా నింపేది.

పోయిన చలికాలంలో ఆమె మంచం పట్టింది. దవాఖానకు తిప్పాం. ఒకవైపు చేయి లేవలేదు, మాట ముద్దముద్దగా వచ్చేది. నేను వనపర్తిలో, మా ఆయన కొలువులో. పగలు ఖాలానే వచ్చి కనిపెట్టుకునేది. ఇల్లు ఊడ్చే ఆమె కిటికీలో ముంత అడ్డంగా ఉందని కడిగి అలమారలో బోర్లించింది. తర్వాత ఎవరూ దాని ఊసెత్తలేదు. అడుగుదామంటే అత్తమ్మకు మాట తిరగదు. శనివారం నేను వచ్చినప్పుడు నా కొంగు పట్టుకుని ఏదో చెప్పబోయేది. నొప్పి అనుకుని నేను కాళ్లు ఒత్తేదాన్ని.

మూడో నాడు పిట్టకు పెట్టాలి. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, శ్మశానంలో, మా మాటలో బొందలగడ్డ మీద, విస్తట్లో పెట్టి దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్లకు తీరని కోరిక ఏదో ఉన్నట్టు. ఆ పొద్దున బయలుదేరుతుంటే ఖాలా మళ్లీ అడిగింది, కిటికీలో ఏముండేదని. ఈసారి దాచలేకపోయాను. మొదటినుంచీ చెప్పాను. గిలక చప్పుడు ఆమె కూడా విన్నది కదా. ఆమె నవ్వలేదు.

"పోయినోళ్లకు మేం ఫాతెహా ఇచ్చేటప్పుడు ఎవరూ లేనోళ్లందరికి గూడ అని సదువుతం, బేటీ. మీదాన్కి పేరు గూడ ఉండె. ఇంకేంది?" అంది. లోపలికి పోయి అలమారలోంచి రాగిముంత తీసి, నీళ్లు నింపి, ఆటో కదిలేముందు నా ఒళ్లో పెట్టింది. "తీస్కపో."

తీసుకుపోయాను కానీ కొంగు చాటున పెట్టుకున్నాను. బొందలగడ్డ చుట్టూ సర్కారుతుమ్మ చెట్లు. విస్తట్లో జొన్నరొట్టె, పుంటికూర, పల్లీల తొక్కు, గారెలు పెట్టారు. మేం వెనక్కి వచ్చి నిలబడ్డాం. కాకులు వచ్చాయి. తుమ్మకొమ్మల మీద బారుగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు, ఒక్కటీ అరవలేదు. అన్ని కాకులు ఒక్కచోట ఉండి అరవకపోవడం నేను ఎన్నడూ చూడలేదు.

మా ఆయన ముందుకు పోయి దండం పెట్టాడు. "అమ్మా, అక్కను మంచిగ సూసుకుంట. ఇల్లు అమ్ముకోను. రా అమ్మా." రాలేదు. వదినె ఏడుస్తూ పోయింది. "నీ గాజుల కాడ తమ్మునితోని పంచాయితి వెట్టనమ్మా." రాలేదు. మా చిన్నత్త "చాయ్ మర్సిన్రు, అందుకే కోపమచ్చింది" అని ఫ్లాస్కులోంచి గ్లాసులో పోసి పెట్టింది. ఆవిరి లేచి తగ్గిపోయింది. పొద్దు నడినెత్తికి వచ్చింది. మనుషుల నీడలు కాళ్ల కిందికి వచ్చేశాయి. "ఏం కోరికున్నదో ముసల్దానికి," అని ఎవరో గొణిగారు. మా ఆయన మొహం చూడలేకపోయాను. తల్లి తన చేతి ముద్ద ముట్టకుండా పోతోందని ఆయన చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు.

నాకు తెలుసు. అంతమందిలో నాకొక్కదానికే తెలుసు. నోరు తెరిస్తే ఏమంటారు? కథలో మనిషికి మా అత్తమ్మ బెంగ పెట్టుకుందని చెప్పాలా? చదువుకున్నదానికి మతి పోయిందనరా? అట్లా అనుకుంటూ ఎంతసేపు నిలబడ్డానో. కొంగు కింద ముంత చల్లగా పొట్టకు తగులుతోంది. ఒక్కసారి అది బరువెక్కినట్టు అనిపించింది, ఎవరో అటు కొస పట్టుకుని లాగినట్టు.

ఆ తర్వాత ఆగలేదు. ముందుకు పోయి, అత్తమ్మ విస్తరి పక్కన ఇంకో ఆకు వేశాను. ఆమె రొట్టెలోంచి సగం తుంచి దాంట్లో పెట్టాను. దాని ముందు ముంత దించాను. అందరూ వినేటట్టు అన్నాను.

"అత్తమ్మా, సవారమ్మకు నేను వెడ్త. దీపాల్యాల్లకు నీళ్లు వెడ్త, పెత్రమాసకు పేరు జెప్త. నువ్వేం పరేషాన్ గాకు. నచ్చినా నచ్చకున్నా వెడ్త. ఇగ నువ్వు పో."

వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశానో లేదో, నా తల మీదుగా రెక్కల గాలి తగిలింది. ఒకే ఒక్క కాకి. దిగి నేరుగా ముంత దగ్గరికి పోయింది. ముక్కు ముంచి, మెడ ఎత్తి తాగింది. రెండో ఆకులో రొట్టె ముక్క కొరికింది. ఆ తర్వాతే పక్కకు జరిగి మా అత్తమ్మ విస్తట్లో గారె అందుకుంది. అప్పుడు చెట్ల మీద కాకులన్నీ ఒక్కసారిగా అరిచాయి.

మా ఆయన కూలబడి ఏడ్చాడు. వదినె కళ్లు తుడుచుకుంటూ నా భుజం మీద చేయి వేసింది. "మంచి యాది జేసినవ్ పిల్లా. నాయనమ్మ తోడికోడలును మర్సిపోతిమి," అంది. కాదని నేను చెప్పలేదు. ఇప్పుడు ఆమె మాది కాదని ఏ ధైర్యంతో అనను?

మా అత్తమ్మ నాకు ఎన్ని నేర్పిందో లెక్క వేసుకోను. ఉప్పు ఎంత వేయాలో నేర్పింది. పైకి చదవడం నేర్పింది. అన్నిటికంటే ఎక్కువగా, మనకు కిట్టని మనిషి గడపలో నిలబడితే ఏం చేయాలో నేర్పింది. ఆమె బతికుండగా ఇది ఒక్కసారన్నా ఆమెతో చెప్పి ఉంటే, "సాల్లే, పప్పు మాడుతుంది సూడు" అని ఉండేది. ఆ మాట వినాలని ఉంది నాకు.

బడికి సెలవులిచ్చారు. గద్వాలలోనే ఉంటున్నాను. దీపాల వేళకు ముంత నింపి వెనుక కిటికీలో పెడుతున్నాను. పొద్దున ఒకసారి వంగి చూసి, మిగిలినవి కరివేపాకుకు పోస్తున్నాను. ఏమీ అనడం లేదు.

నిన్న పొద్దున ముంత ఖాళీగా ఉంది. అడుగున చుక్క లేదు. తీసుకుందామని కిటికీ దగ్గరికి పోయి, అవతల బావి మీద పరిచిన షాబాదు బండను చూశాను. పొడి బండ మీద గుండ్రంగా తడి. నీళ్లు ఒలికిన తడి కాదు. చుట్ట లోపల చుట్ట, దాని లోపల ఇంకో చుట్ట. తడిసిన చేంతాడును ఎవరో జాగ్రత్తగా చుట్టి, మా ఇంటి దిక్కు కొస వచ్చేటట్టు, అందుకోమన్నట్టు పెట్టి, కాసేపుంచి తీసుకుపోతే మిగిలే తడి. పేనిన తాడు మెలికలు కూడా బండ మీద తెలుస్తున్నాయి. గోడకవతల ఖాలా గిన్నెలు తోముతున్న చప్పుడు వినబడుతోంది. ఎవరినీ పిలవలేదు. ఎండ గోడ దిగి బండ మీదికి వచ్చింది. మా దిక్కున్న కొస నుంచి ఆ తడి ఒక్కొక్క చుట్టే ఆరుతూ పోయింది. అంతా ఆరేదాకా కిటికీ దగ్గరే నిలబడి, లోపలికి పోయి మళ్లీ ముంత నింపాను.